పంపు విప్పే ముందు: పాత ట్రాక్టర్ లిఫ్టు సరిచేసుకోవడం

మృగశిరలో రెండు మంచి వానలు పడి దుక్కులు మొదలయ్యాయంటే చాలు, మా ఖమ్మం వైపు మెకానిక్ షెడ్ల దగ్గర ఒకటే మాట వినపడుతుంది: "హైడ్రాలిక్ పని చేయట్లేదన్నా." హైడ్రాలిక్ అంటే ఆయిల్ బలంతో పనిముట్టును లేపి దించే లిఫ్టు. ఆ ఒక్క మాట కింద అరడజను జబ్బులు దాక్కుని ఉంటాయి. గొర్రు అసలు లేవదు. లేదా లేచి మెల్లగా దిగజారిపోతుంది. లేదా చాల్లో పోతూ తల ఊపినట్టు పైకీ కిందికీ ఆడుతుంది. ఇంకో బండికి ముందు పళ్ళు లోతుగా దిగి, వెనక పళ్ళు నేలను గీకుతూ పోతాయి. ఈ ఆఖరిదానికి ఆయిల్‌తో గానీ పంపుతో గానీ సంబంధమే లేదు. అయినా దాన్నీ హైడ్రాలిక్ ఖాతాలోనే రాసేస్తాం. గొర్రు అంటే ఇక్కడ కల్టివేటరే. మా దగ్గర ఆ పేరే నిలిచిపోయింది.

ముప్పై నలభై ఏళ్ల బండికి ఈ ఫిర్యాదు వచ్చినప్పుడు చాలాసార్లు తప్పు బయటే ఉంటుంది. కంటికి కనిపించే చోట, స్పానర్ పట్టుకుంటే సరిచేయగలిగిన చోట. మనవాళ్ళ చూపు మాత్రం నేరుగా సీటు కిందికి పోతుంది. సీటు తీసి, కవరు లేపి, రింగులు మార్చి, మళ్ళీ బిగించి పొలంలో దింపితే గొర్రు ఎప్పట్లాగే ఊగుతుంది. ఈలోపు అదును దాటిపోతుంది. కాబట్టి బయటి నుంచి లోపలికి రావాలి. ముందు లింకుల కొలతలు, తర్వాత లివర్లు, ఆ తర్వాత స్ప్రింగు, ఆయిల్. విప్పడం అన్నిటికన్నా ఆఖరున. ఈ వరుస ఎందుకో అర్థం కావాలంటే బండి వెనక పనిముట్టును పట్టుకునే మూడు లింకులు, అంటే కింద రెండు, పైన ఒక టాప్ లింకు, అసలు ఏం పని చేయడానికి పుట్టాయో చూడాలి.

కాడి కట్టు, మేడి పట్టు

ఎద్దులతో దున్నినవాళ్ళకు ఇందులో సగం ముందే తెలుసు. నాగలికి ఉన్న పొడవాటి కర్ర ఎద్దుల మధ్య నుంచి సాగి ముందు కాడికి కట్టి ఉంటుంది. కర్రు వెనక నేలలో ఉన్నా, దాన్ని లాగే చోటు చాలా ముందు, కాస్త ఎత్తున ఉంటుందన్నమాట. ఆ కట్టు ఒక మెట్టు జరిపితే లోతు మారుతుంది. దున్నుతున్నంతసేపూ రైతు చెయ్యి మేడి మీదే ఉంటుంది. గట్టి నేల తగిలి ఎద్దులు మెడలు సాచి లాగుతుంటే ఆ సంగతి ముందు చేతికే తెలుస్తుంది. వెంటనే మేడి మీద బరువు మార్చి కర్రును పిసరంత పైకి తెస్తాడు. లోతును ముందే ఖాయం చేసేది కట్టు. నడుస్తూ సవరించేది మేడి. ఈ రెండూ వేరు వేరు పనులు.

తొలితరం ట్రాక్టర్లలో ఈ రెండూ పోయాయి. నాగలిని గొలుసుతోనో కొక్కెంతోనో వెనక తగిలించుకుని లాక్కుపోయేవి. నాగలి రాయికి తగిలి ఆగితే ఇంజిన్ ఆగదు. వెనక చక్రాలు కదల్లేవు కాబట్టి వాటి ఇరుసు చుట్టూ బండే పైకి తిరిగేది. ముందు భాగం గాల్లోకి లేచి, వెనక్కి బోర్లా పడి డ్రైవర్లు చనిపోయేవారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఐర్లండ్ పొలాల్లో ట్రాక్టర్ల పనితీరు చూస్తూ తిరిగిన హ్యారీ ఫెర్గూసన్ ఈ చిక్కును పట్టుకున్నాడు. 1909లో సొంతంగా విమానం కట్టి ఐర్లండ్‌లో మొట్టమొదట ఎగిరిన మనిషి కూడా ఇతనే. నాగలిని వెనక లాక్కుపోతే కుదరదు, అది బండిలో ఒక అవయవం కావాలన్నది అతని పట్టు. పనిముట్టును బండికి తగిలించి, దాని లోతును బండే చూసుకునే ఏర్పాటుకు 1925లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1936లో డేవిడ్ బ్రౌన్ అనే తయారీదారుతో కలిసి అలాంటి ట్రాక్టర్‌ను అమ్మకానికి తెచ్చాడు. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో కాగితం లేకుండా, చెయ్యి చెయ్యి కలిపి ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. ఆ నోటిమాట ఒప్పందం హెన్రీ ఫోర్డ్ తర్వాతి తరంలో తెగిపోయి కోర్టుకెక్కింది. 1952లో ఫోర్డ్ కంపెనీ 92.5 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. మరుసటి ఏడాదే ఫెర్గూసన్ కంపెనీ మాస్సీ-హారిస్‌లో కలిసింది. 1960లో చెన్నైలో టాఫే అనే ట్రాక్టర్ల కంపెనీ మొదలై మాస్సీ బండ్లు మన పొలాల్లోకి వచ్చాయి. పేటెంట్ల గడువు తీరాక మిగతా కంపెనీలూ ఇదే దారి పట్టాయి. ఇప్పుడు మీ షెడ్డులో ఉన్నది ఏ రంగు బండైనా వెనక మూడు లింకులే.

ఫెర్గూసన్ చేసిన గమ్మత్తు ఏమిటంటే, బండికి నాగలి కర్ర లేకుండానే పొడవాటి కర్ర పెట్టాడు. మీ బండిని పక్క నుంచి చూడండి. కింది లింకుల వెంట ముందుకు ఒక గీత గీసుకోండి. టాప్ లింకు వెంట ఇంకో గీత. ఆ రెండూ బండి కింద నుంచి పోయి ఎక్కడో ముందు ఇరుసు వైపు కలుస్తాయి. అక్కడ పిన్నూ లేదు, కాడీ లేదు. కానీ నేలలో ఉన్న గొర్రుకు మాత్రం తనను అక్కడి నుంచి లాగుతున్నట్టే ఉంటుంది. టాప్ లింకును పక్క రంధ్రంలోకి మార్చినప్పుడల్లా మీరు ఆ కనిపించని కాడి కట్టును జరుపుతున్నారు. ఈ ముక్క మనసులో పెట్టుకుంటే మిగతా సెట్టింగు బట్టీ పట్టనక్కర్లేదు.

ఇక మేడి సంగతి. నేలలో దిగిన నాగలిని కింది లింకులు లాగుతుంటాయి. మట్టి వెనక్కి తోస్తుంటుంది. ఆ తోపు కింది లింకుల కంటే కిందుగా తగులుతుంది కాబట్టి పనిముట్టు పైభాగం ముందుకు ఒరగాలని చూస్తుంది. దాన్ని ఆపుతున్నది టాప్ లింకు. అంటే దున్నేటప్పుడు టాప్ లింకు లాగడం లేదు, బండిని ముందుకు నెడుతోంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. గొర్రును గాల్లోకి లేపినప్పుడు టాప్ లింకు బిగుసుకుని లాగుతుంది, నేలలో దిగాక నెడుతుంది. నేల గట్టిపడితే ఇంకా గట్టిగా నెడుతుంది. టాప్ లింకు బండికి తగిలే చోట, సీటు వెనక, రబ్బరు బూటు తొడిగిన బలమైన స్ప్రింగు ఒకటి ఉంటుంది. ఆ నెట్టుడుకు అది నొక్కుకుంటుంది. లోపల ఒక చిన్న కడ్డీ ఆ కదలికను వాల్వుకు చెబుతుంది. వాల్వు తెరుచుకుని, కింది లింకులను ఎత్తే లిఫ్టు చేతులు పిసరంత లేస్తాయి. నెట్టుడు తగ్గగానే మళ్ళీ దిగుతాయి. మేడి మీద రైతు చెయ్యి చేసిన పనే ఇది. దీన్నే డ్రాఫ్ట్ కంట్రోల్ అంటున్నాం. నెట్టుడు వల్ల ఇంకో లాభం కూడా ఉంది: ముందు చక్రాలు నేలను వదలవు. చేతులు లేవాలని చూసినప్పుడు నాగలి బరువు, దాని మీద పడ్డ మట్టి బరువు వెనక చక్రాల మీదికి వస్తాయి, జారుడు తగ్గుతుంది. కాస్త అటూ ఇటూగా ఒక టన్ను బరువుండే ఫెర్గూసన్ బండి రెండు చాళ్ళ నాగలిని అవలీలగా లాగిందంటే కారణం ఇదే.

రెండు లివర్లు, ఒకే వాల్వు

సీటు పక్కన ఉన్న లివర్లలో ఒకటి పొజిషన్ లివర్. దాన్ని ఎక్కడ పెడితే చేతులు ఆ ఎత్తులో ఆగుతాయి. నేల గట్టిదా మెత్తదా దానికి పట్టదు. రెండోది డ్రాఫ్ట్ లివర్. అది ఎత్తును పట్టించుకోదు, ఎంత లాగుడు ఉండాలో చెబుతుంది. లాగుడు దాటితే లేపుతుంది, తగ్గితే దించుతుంది. ఫోర్డ్ 3000 తరహా బండ్లలో లివర్ ఒక్కటే ఉండి, పక్కన చిన్న సెలెక్టర్ ఉంటుంది. పని మాత్రం ఇదే.

డ్రాఫ్ట్ లివర్‌ను లోతు లివర్ అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మాకు తెలిసిన ఒకాయన పొలంలో సగం నల్లరేగడి, సగం ఎర్రచెలక. గట్టు మీద నిలబడి చూస్తే రంగు మారే గీత స్పష్టంగా కనిపిస్తుంది. డ్రాఫ్ట్‌లో పెట్టి దున్నితే రేగడి గట్టిగా ఉన్న చోట గొర్రు పైకి తేలింది, చెలకలోకి రాగానే జానెడు దిగిపోయింది. "బండి పిచ్చిది అయిందిరా" అని ఆయన గోల. బండికి ఏ పిచ్చీ లేదు, దానికి చెప్పిన పనే చేసింది. ఒకే లాగుడు ఉంచమన్నారు, ఉంచింది. మెత్తని నేలలో అదే లాగుడు రావాలంటే లోతుకు దిగక తప్పదు. అలాంటి పొలంలో ప్రతి ముక్కకూ లివర్ మార్చుకోవడమో, రెండు నేలలనూ విడిగా దున్నుకోవడమో చేయాలి.

స్థూలంగా చూస్తే, నేలను చీల్చే పనిముట్లకు, అంటే నాగలికి, గొర్రుకు డ్రాఫ్ట్. నేల మీద ఒక ఎత్తులో ఉండాల్సిన వాటికి, అంటే మట్టి జరిపే బ్లేడుకు, మందు కొట్టే ట్యాంకుకు, పనిముట్టు మోసుకుంటూ రోడ్డు మీద పోవడానికి పొజిషన్. రోటావేటర్‌కు, విత్తనాల గొర్రుకు లోతు చూసుకునే స్కిడ్లు, చక్రాలు వాటికే ఉంటాయి కాబట్టి వాటిని నేల మీద వదిలేయడమే మంచిది. డ్రాఫ్ట్ వాడుతున్నప్పుడు పొజిషన్ లివర్ అడ్డం పడకూడదు. అది పైన ఉండిపోతే గొర్రు ఎంతకీ దిగదు. పాత మాస్సీ 35లో పొజిషన్ లివర్‌ను కిందికి తెస్తే ఫాస్ట్, స్లో అని రాసిన భాగం వస్తుంది. డ్రాఫ్ట్ ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పేది అదే. గొర్రు చాల్లో నిమిషానికి పదిసార్లు ఎగిరిపడుతుంటే పంపును తిట్టే ముందు దాన్ని స్లో వైపు జరిపి చూడండి. ఈ చిన్న పని మర్చిపోయి షెడ్డుకు వచ్చిన బండ్లను నేను చూశాను.

చదును నేల మీద అరగంట

ఇప్పుడు చేతులు నల్లబడే పని. బండిని కళ్ళంలోనో సిమెంటు గచ్చు మీదో పెట్టండి. మొదట చూడాల్సింది వెనక టైర్లలో గాలి. కుడి టైరులో గాలి తక్కువ ఉంటే మీరు ఎంత సరిచేసినా పనిముట్టు కుడికే ఒరుగుతుంది. రెండు టైర్లూ సమంగా ఉన్నాక కింది లింకులను కొంత ఎత్తులో ఆపి, గచ్చు నుంచి వాటి కొసల్లో పిన్ను దూరే రెండు బంతుల మధ్యభాగం వరకు టేపుతో కొలవండి. తేడా ఉంటే లిఫ్టు చేతిని కింది లింకుతో కలిపే కుడి వైపు లిఫ్ట్ రాడ్డు మీది హ్యాండిల్ తిప్పి సమం చేయండి. చాలా బండ్లలో ఎడమ రాడ్డు కొలత కదలదు, కుడిది ఒక్కటే తిరుగుతుంది. ఏళ్ల తరబడి గ్రీజు పెట్టకపోతే అది తుప్పు పట్టి బిగుసుకుంటుంది. సుత్తితో కొట్టకుండా రాత్రే డీజిల్ పోసి వదిలేస్తే పొద్దునకు కదులుతుంది.

పనిముట్టు తగిలించేటప్పుడు ముందు ఎడమ లింకు, తర్వాత కుడి, ఆఖరున టాప్ లింకు. విప్పేటప్పుడు దీనికి తలకిందులు. ఎడమది కదలదు కాబట్టి బండినే దానికి సరిపెట్టాలి. మిగిలిన రెంటినీ తిప్పి సరిపెట్టుకోవచ్చు. పిన్నుల సైజు కూడా ఇక్కడే చూసుకోండి. ఒకటో కేటగిరీకి కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు పిన్ను 19. రెండో కేటగిరీకి ఇవి 28, 25. పెద్ద బంతిలో చిన్న పిన్ను పెట్టి సన్న తీగ చుట్టి నడిపేవాళ్ళున్నారు. ఆ లూజు అంతా పోయి స్ప్రింగు దగ్గర తేలుతుంది, తర్వాత చెబుతాను.

టాప్ లింకు పొడవు దగ్గర తొందర పడొద్దు. కుదిస్తే పనిముట్టు ముక్కు కిందికి వంగుతుంది, ముందు వరస పళ్ళు లోతుకు పోతాయి. పొడిగిస్తే ముక్కు లేచి వెనక వరస దిగుతుంది. గచ్చు మీద చేసేది మొదటి అంచనా మాత్రమే. పొలంలో ఇరవై ముప్పై మీటర్లు దున్ని, గొర్రు నేలలో ఉండగానే ఆపి, దిగి, పక్క నుంచి చూడాలి. ఫ్రేము నేలకు సమాంతరంగా ఉండాలి. కంటి మీద నమ్మకం లేకపోతే ఇంకో గుర్తు ఉంది. పూటంతా దున్నాక గొర్రు లేపి పళ్ళ మెరుపు చూడండి. నేలలో రాపిడి తగిలినంత మేర ఇనుము వెండిలా తళతళలాడుతుంది, ఆపైన మట్టి రంగు ఉంటుంది. ముందు పళ్ళ మెరుపు బెత్తెడు ఉండి, వెనకవాటి మెరుపు రెండు వేళ్ళే ఉంటే టాప్ లింకు పొట్టిగా ఉందని అర్థం. ఎడమ కొస పంటికీ కుడి కొస పంటికీ మధ్య తేడా ఉంటే కుడి రాడ్డు హ్యాండిల్ సంగతి చూడాలి. పళ్ళే లెక్క చెబుతుంటే వేరే మీటరు ఎందుకు!

రెక్క నాగలికి ఈ లెక్క కాస్త మారుతుంది. కుడి చక్రాలు ముందటి చాల్లో నడుస్తాయి కాబట్టి బండే కుడికి వాలి ఉంటుంది. నాగలి మాత్రం నేలకు సమంగా ఉండాలి. అందుకని కుడి లిఫ్ట్ రాడ్డును కుదించి ఆ వైపు పైకి లాగాలి. మొదటి చాలు చదును నేల మీదే తీస్తాం కాబట్టి అప్పుడొక కొలత, రెండో చాలు నుంచి ఇంకో కొలత. రెండో చాల్లో దిగి సరిచేయకుండా పొలమంతా దున్నేస్తే వరసలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి.

కింది లింకులు పక్కకు ఊగకుండా పట్టే పక్క గొలుసులను దుక్కికి కొంచెం వదులుగా ఉంచండి. నాగలి అటూ ఇటూ రెండు మూడు వేళ్ళు జరిగితేనే తన దారి తాను వెతుక్కుంటుంది, మలుపులో లింకుల మీద ఒత్తిడి పడదు. రోటావేటర్‌కు, విత్తనాల గొర్రుకు బిగించాలి. గొలుసు బిగించాక పనిముట్టును పూర్తిగా లేపి, దించి ఒకసారి చూసుకోండి. కింద ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న గొలుసు పైకి లేచేసరికి తాడులా బిగిసిపోవచ్చు, టైరును రాసుకోవచ్చు.

రోటావేటర్ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. పీటీవో, అంటే ఇంజిన్ బలాన్ని పనిముట్టుకు అందించే షాఫ్టు, తిరుగుతుండగా రోటావేటర్‌ను ఎత్తుగా లేపితే షాఫ్టు క్రాసులు టకటకలాడతాయి. ఆ చప్పుడు విన్నారంటే బేరింగు ఆయుష్షు కరుగుతోందని అర్థం. లివర్ పక్కన కదిలే స్టాపు ఉంటుంది. మలుపులో బ్లేళ్ళు నేలను వదిలేంత ఎత్తుకు లివర్ ఆగేట్టు దాన్ని బిగించుకుంటే చాలు.

స్ప్రింగులో పిసరంత లూజు

లింకులు, లివర్లు సరిగ్గా ఉన్నా గొర్రు తల ఊపుతుంటే అప్పుడు రబ్బరు బూటు దగ్గరికి వెళ్ళండి.

మా బండికి ఒక ఏడాది ఇదే జరిగింది. చాల్లో పోతూ ఉన్నట్టుండి లేచేది, దబ్బున పడేది. చూసిన ప్రతివాడూ పంపే అన్నాడు. చివరకు మా ఊరి పెద్ద మేస్త్రి వచ్చి, సీటు వైపు కూడా చూడకుండా వెనక చతికిలబడ్డాడు. టాప్ లింకు పిన్ను పీకి, స్ప్రింగు కొసను వేళ్ళతో పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపాడు. టిక్కు, టిక్కు. "ఇదిగో మామా, నీ పంపు ఇక్కడుంది" అన్నాడు మా నాన్నతో. బూటు చిరిగి ఎన్నాళ్ళయిందో, లోపలంతా దమ్ము బురద గట్టిపడి ఉంది. స్ప్రింగుకూ దాని నట్టుకూ మధ్య గోరు దూరేంత సందు.

ఆ సందు ఎందుకు అంత గొడవ చేస్తుందంటే, లాగుడు మారిన ప్రతిసారీ ముందు ఆ ఖాళీ నిండాలి. ఆ లోపు వాల్వుకు కబురు అందదు. అందేసరికి ఆలస్యమై ఎక్కువ లేపుతుంది. మళ్ళీ దించేటప్పుడూ అంతే. స్ప్రింగు దగ్గర గోరంత ఉన్నది కర్రు దగ్గరికి వచ్చేసరికి బెత్తెడు అవుతుంది. దీనికి అరిగిన టాప్ లింకు బంతి, కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయిన పిన్ను రంధ్రం తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

సరిచేసే పద్ధతి బండిని బట్టి కొంచెం మారుతుంది. కొన్నిట్లో క్లెవిస్ (టాప్ లింకు పిన్ను దూరే కొస) తిరుగుతుంది, కొన్నిట్లో స్ప్రింగును పట్టుకున్న పెద్ద నట్టు. ముందు దాన్ని కదలకుండా పట్టే చిన్న స్క్రూను వెతికి వదులు చేయాలి. ఇది చూడకుండా పెద్ద స్పానర్ వేసి తిప్పితే మర పోతుంది. తర్వాత ముందూ వెనకా కదలిక పూర్తిగా పోయేవరకు బిగించండి. అక్కడితో ఆగాలి. కొసను వేళ్ళతో గుండ్రంగా తిప్పితే ఇంకా తిరగాలి. తిరగకపోతే మీరు స్ప్రింగును ముందే నొక్కేశారని అర్థం. అప్పుడు చిన్న చిన్న మార్పులు దానికి తెలియవు. చిన్న స్క్రూ బిగించి, బురద కడిగి, కొత్త బూటు తొడగండి. ఈ పనంతటిలో ఖర్చయ్యేది ఆ బూటు ఒక్కటే.

లేవకపోతే, లేచి ఆగకపోతే

బండి అసలు లేపకపోతే మొదటి ప్రశ్న: పంపు తిరుగుతోందా? మాస్సీ 35 రకంలో పంపు పీటీవో షాఫ్టు మీదే నడుస్తుంది. పీటీవో లివర్ న్యూట్రల్లో ఉంటే లిఫ్టు లివర్‌ను ఎంత లాగినా లాభం లేదు. ఒకే క్లచ్ ఉన్న బండిలో క్లచ్ నొక్కి పట్టినంతసేపూ లిఫ్టు కూడా లేవదు. కొత్తగా వేరే బండి నుంచి మారిన డ్రైవర్‌కు ఇది తెలియక, మలుపులో క్లచ్ నొక్కి గొర్రు లేపబోయి గట్టు తవ్వేస్తాడు.

రెండోది ఆయిల్. ఈ రకం బండ్లలో గేరు బాక్సు ఆయిలే హైడ్రాలిక్ ఆయిల్. చదును నేల మీద, చేతులు దించి, ఇంజిన్ ఆపి కడ్డీ తీసి చూడాలి. కృష్ణా, గోదావరి ఆయకట్టుల్లో కేజ్ వీల్స్‌తో దమ్ము చేసిన బండి ఆయిల్‌ను ప్రత్యేకంగా గమనించండి. ఇరుసు మునిగే నీళ్ళలో వారాల తరబడి తిరిగితే అరిగిన సీళ్ళ గుండా నీళ్ళు దిగుతాయి. ఆయిల్ పల్చటి పాల టీలా మారుతుంది. ఆ రంగు కనిపిస్తే పైన రెండు లీటర్లు పోసి మమ అనిపించకుండా మొత్తం దించేసి, ఫిల్టర్ జాలీ కడిగి, మాన్యువల్ చెప్పిన రకం ఆయిలే పోయాలి. పాత మాస్సీలో పంపును ఆపే వాల్వు ఆయిల్ బయటికి తోసే వైపు ఉండదు, పీల్చే వైపు ఉంటుంది. అందుకే జాలీకి మురికి పడితే దానికి దాహం తీరదు. చల్లగా ఉన్నప్పుడు బద్ధకించి, వేడెక్కాక లేపడం మొదలుపెడితే చిక్కటి ఆయిల్ మీదో మూసుకుపోయిన జాలీ మీదో అనుమానపడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా లేపి, వేడెక్కాక నీరసపడితే లోపల ఎక్కడో ఆయిల్ పక్కదారి పడుతోంది.

లేచి ఆగకుండా దిగజారే జబ్బుకు చిన్న పరీక్ష ఉంది. బరువైన పనిముట్టు లేపి, నేల నుంచి ఎత్తు కొలిచి ఇంజిన్ ఆపండి. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ కొలవండి. పాత బండి రాత్రికి రాత్రి దిగిపోతే నేను పట్టించుకోను. ఇంజిన్ ఆపగానే కళ్ళ ముందే దిగుతుంటే సిలిండర్ పిస్టన్ రింగులో, ఓ-రింగో, వాల్వో చూపించుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా చేతులు దిగి, ఉలిక్కిపడి లేచి, మళ్ళీ దిగుతుంటే అదీ ఇదే జబ్బు: కారిపోయినంత ఆయిల్‌ను పంపు మళ్ళీ మళ్ళీ నింపుతోంది. ఇక్కడ పంపు మంచిదేనని కూడా తెలుస్తోంది చూడండి. పూర్తిగా లేపినప్పుడు కీచుమని అరుస్తూ ఉంటే, పీడనం మించితే ఆయిల్‌ను వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటోంది. లివర్‌ను ఒక వేలి వెడల్పు కిందికి తెస్తే ఆగాలి. ఆగకపోతే లోపలి కడ్డీల సెట్టింగు తప్పింది. దానికి కవరు లేపాలి. ఆ కవరు ఇద్దరు చేతులతో ఎత్తేది కాదు, లోపలి కొలతలకు గేజులు కావాలి. అక్కడి నుంచి పని మేస్త్రిది.

మూడు విషయాల్లో మాత్రం ఎవరి మాటా వినొద్దు. లేపిన గొర్రు కింద దూరేటప్పుడు మొద్దులు పెట్టకుండా దూరొద్దు. పైన చెప్పిన జబ్బులన్నీ ఉన్న లిఫ్టు అది. రెండోది, ఈ పాత పంపుల్లో పీడనం చదరపు అంగుళానికి 2,000 పౌండ్లు దాటుతుంది, లారీ టైరులో గాలి 100 చుట్టుపక్కల ఉంటుంది. టిప్పర్ ట్రాలీ గొట్టంలో సన్న చిల్లు ఉంటే ఆ ఆయిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. చేత్తో తడమకుండా అట్టముక్క అడ్డం పెట్టి వెతకండి. మూడోది, టాప్ లింకు తగిలించే చోట గొలుసు కట్టి ట్రాలీనో, తాటి మొద్దునో, బురదలో దిగిన ఇంకో బండినో లాగొద్దు. దున్నేటప్పుడు అక్కడ పడే బలం ముందుకు నెట్టేది, ముందు చక్రాలను నేలకు అదిమేది. గొలుసు కడితే అదే చోటు వెనక్కి లాగుతుంది. వందేళ్ల కిందట డ్రైవర్లను చంపిన ఏర్పాటును మళ్ళీ మన చేతులతో కట్టుకున్నట్టే. ఏం లాగినా బండి వెనక కింద ఉండే లాగుడు కడ్డీ, అంటే డ్రాబార్ నుంచే లాగాలి.

ఒక్కో పనిముట్టుకు సెట్టింగు కుదిరాక టాప్ లింకు పొడవును పిన్ను నుంచి పిన్నుకు టేపుతో కొలిచి, మడ్‌గార్డ్ లోపలి వైపు పెయింటుతో రాసుకోండి. మరుసటి ఏడాది దుక్కికి గంట పని పది నిమిషాల్లో తెములుతుంది. మా బండి మడ్‌గార్డ్ మీద నాలుగు అంకెలున్నాయి. గొర్రుకు, నాగలికి, రోటాకు నేను రాసినవి మూడు. నాలుగోది మా నాన్న చేతిరాత, ఎప్పుడో అమ్మేసిన గుంటకది. రంగు వేయించినప్పుడు పెయింటర్‌ను ఆ ముక్క వదిలేయమన్నాను.